మాస్టారి ఫ్రిజ్‌లో రివెట్లు

దసరా వెళ్ళాక వచ్చే మొదటి మంగళవారం మా విజయనగరంలో సిరిమానోత్సవం. ఆ సాయంత్రం నేను ఏ ఊళ్ళో ఉన్నా ఎవరో ఒకరు వీడియో పంపిస్తారు. అందరూ మాను చివర కూర్చున్న పూజారిగారి మీదే ఫోన్ పెడతారు. నేను వీడియో ఆపి ఆపి, కింద ఇరుసు దగ్గర మాను ఎలా ఉందో వెతుక్కుంటాను. "అమ్మవారికి దండం పెట్టుకోకుండా ఆ కర్రని చూస్తారేంటండీ" అంటుంది మా ఆవిడ. ఈ జబ్బు నాకు మాస్టారి దగ్గర అంటుకుంది.

1996లో మూడు లాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కుని ఆయన పక్కన నిలబడి చూశాను. చింతమాను, ఇంచుమించు 60 అడుగులు. మొదలు లావు, పోనుపోను సన్నం. ఆ సన్నటి చివర పూజారిగారు. కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతున్నారు. మాస్టారు నా చెవిలో అరిచారు, "ఏమోయ్, ఇది ఏ బీమ్?"

"కాంటిలివర్ అండీ. ఒక కొస పట్టి ఉంటుంది, రెండో కొస గాల్లో."

"ఎక్కడ విరుగుతుంది?"

పండగపూట నలుగురిలో అడగాల్సిన ప్రశ్నేనా అది! పక్కనున్న పెద్దాయన మా ఇద్దరినీ చుర్రున చూశాడు. మాస్టారు పట్టించుకోలేదు. చేతిలో వేరుశనక్కాయల పొట్లం విప్పి, గింజలు నా దోసిట్లో పోసి, ఆ కాగితం మీద లెక్క మొదలెట్టారు. "60 కిలోల మనిషి ఇరుసుకి 12 మీటర్ల దూరంలో కూర్చున్నాడనుకో. 720 కిలోగ్రామ్ మీటర్లు. మాను సొంత బరువు ఇంకా కలపలేదు. ఈ అరటిపళ్ళు అసలే కలపలేదు. అదంతా మోసేది ఎవరు? ఇరుసు పక్కనున్న ఆ రెండడుగుల చోటు. అందుకే చెట్టు మొదట్లో లావుగా పెరుగుతుంది. విమానం రెక్క గీసినవాడు కొత్తగా కనిపెట్టిందేం లేదు." అంతా అయ్యాక కాగితం జేబులో పెట్టుకుని, చెంపలేసుకుని, అమ్మవారికి దండం పెట్టుకున్నారు.

ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ప్రొఫెసర్ ఆయన. పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. విమానాల ఒళ్ళు తయారుచేసే లోహాలు ఎలా అలిసిపోతాయి, అలిసిపోయి ఎలా విరుగుతాయి అన్నది ఆయన పరిశోధన. ఇప్పుడంటే భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు అందరి నోటా ఉంది గానీ, అప్పట్లో మాకు విమానం అంటే ఆకాశంలో తెల్లటి గీత. నేను ఆయన దగ్గర ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరానంటే మా వీధిలో కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. "విజయనగరంలో విమానాల రీసెర్చ్ ఏంట్రా, సైకిలు కూడా రెంటుకి తెచ్చుకుంటావు."

సైకిలు సంగతి నిజమే. మిగతాది కూడా చాలావరకు నిజమే. మా ల్యాబ్ అంటే కాలేజీ వెనక రేకుల షెడ్డు. అందులో ఒక పాత లేతు, ఒక మఫిల్ ఫర్నేసు, ఒక ఫెటీగ్ మిషన్. ఆ మిషన్ గురించి చెప్పాలి, నా రెండేళ్ళ బతుకు దాని పక్కనే గడిచింది కాబట్టి.

కట్టుతీగని చేత్తో అటూ ఇటూ వంచి విరగ్గొడతాం కదా. అదే సూత్రం, కాకపోతే చాలా మెల్లగా, చాలా ఓపిగ్గా. వేలెడంత కడ్డీ, నడుమ సన్నగా చెక్కి ఉంటుంది. దానికి బరువు వేలాడదీసి మోటారుతో తిప్పుతాం. తిరిగిన ప్రతిసారీ దాని ఒంట్లో ఒక పక్క సాగుతుంది, ఇంకో పక్క నొక్కుకుంటుంది. ఒక్కసారిగా లాగితే ఎంతో బరువు మోసే కడ్డీ, అందులో సగం కూడా లేని బరువుకి లక్షసార్లో పది లక్షలసార్లో తిరిగి పుటుక్కుమంటుంది. 19వ శతాబ్దంలో జర్మనీలో వోలర్ అనే రైల్వే ఇంజనీరు బండి ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయా అని ఇలా తిప్పి చూశాడు. ఉక్కుకైతే ఒక హద్దుంది, అంతకన్నా తక్కువ బరువుతో ఎంతసేపు తిప్పినా విరగదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. బరువు ఎంత తగ్గించినా ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. విమానం ఒళ్ళేమో అల్యూమినియం. "ఎప్పుడు అన్నదే ప్రశ్న. ఆ ఎప్పుడుకి ముందే మనం చూసుకోవాలి" అనేవారు మాస్టారు.

మా మోటారు నిమిషానికి 2,800 చుట్లు తిరిగేది. కోటి చుట్లు తిరగాలంటే దగ్గరదగ్గర 60 గంటలు, అంటే రెండున్నర రోజులు. 1996లో విజయనగరంలో రెండున్నర రోజులు వరసగా కరెంటు ఉండడమా!

కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, లెక్కల మీటరు ఉన్న అంకె దగ్గరే నిలబడుతుంది. మళ్ళీ వచ్చాక స్టార్టరు నొక్కాలి, దానంతటది తిరగదు. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు మొదలెట్టాం, నిమిషాలతో సహా నోటుబుక్కులో రాయాలి. "ఆ ఖాళీలో లోహం ఏం చేసిందో మనకి తెలీదోయ్. పడుకుందో, కోలుకుందో. కనీసం ఎంతసేపు ఖాళీ ఇచ్చామో తెలియాలి కదా." రాయని ఖాళీ ఉన్న ముక్క ఎంత బాగా తిరిగినా ఆయన దృష్టిలో లెక్కలోకి రాదు. తీసి పక్కన పెట్టేసేవారు. జనరేటర్ కావాలని ఆయన పెట్టుకున్న అర్జీలు ఆఫీసులో ఏ ఫైలు కింద పడ్డాయో ఎవరూ చెప్పలేదు. మాస్టారూ రెండుసార్లు అడిగి ఊరుకున్నారు.

రాత్రి డ్యూటీ నాది. ఒక రాత్రి 2:10కి కరెంటు పోయింది. లాంతరు వెలిగించుకుని బెంచీ మీద ఒరిగాను. మెలకువ వచ్చేసరికి తెల్లవారుజాము అయిదున్నర. ట్యూబ్‌లైటు వెలుగుతోంది, మిషన్ నిశ్శబ్దంగా ఉంది. గుండె జారిపోయింది. స్టార్టరు నొక్కి, నోటుబుక్కులో "3:00 కరెంటు వచ్చింది, 3:05 మొదలు" అని రాసేశాను. మూడింటికే వచ్చిందని నాకేం తెలుసు? వాచ్‌మన్‌ని అడిగితే "మూడుగంటల టయానికి వచ్చినట్టుందండి" అన్నాడు.

పది గంటలకి మాస్టారు వచ్చారు. నోటుబుక్కు చూశారు, మీటరు చూశారు, జేబులోంచి పెన్ను తీశారు. ఏం అనలేదు. మార్జిన్‌లో ఏదో గుణించారు. తర్వాత చాలా మర్యాదగా అడిగారు, "ఏమోయ్, నాలుగు లక్షల ఆరువేల చుట్లు కనపడటంలేదు. నువ్వేమైనా తీశావా?"

నేను తల దించుకున్నాను. నూట నలభై అయిదు నిమిషాలు, నిమిషానికి 2,800. ఆ లెక్క నేనూ చెయ్యగలను, అబద్ధం రాసేటప్పుడు చెయ్యలేదు, అంతే. ఆయన నా రాత మీద గీత కొట్టి, ఎర్ర సిరాతో ఇలా రాశారు: "3:05 నుంచి 5:30 వరకు, 145 నిమిషాలు, ఆపరేటర్ నిద్ర." కింద సంతకం. "ఇప్పుడు ఈ ముక్క లెక్కలోకి వస్తుంది" అన్నారు. కరెంటు 3:00కే వచ్చిందని ఎలా నమ్మారని తర్వాతెప్పుడో అడిగాను. వాళ్ళ ఇల్లూ కాలేజీ ఒకే ఫీడరు, అంటే ఒకే కరెంటు లైను. వాళ్ళ వంటింటి కేలెండర్‌లో పాల లెక్క పక్కన కరెంటు పోయిన టైము, వచ్చిన టైము వేసి ఉండేవి. పగలు అమ్మగారు వేసేవారు, రాత్రిళ్ళు ఫ్యాను ఆగితే ఆయనే లేచి వేసేవారు. ఇంట్లో కూడా మనిషికి నిద్ర లేదన్నమాట.

మా లేతు మేస్త్రీది నెల్లిమర్ల. కడ్డీలు చెక్కేది ఆయనే. నున్నగా చెక్కడం ఒక ఎత్తు, ఎమెరీ కాగితంతో రుద్దడం ఒక ఎత్తు. రుద్దుడంతా కడ్డీ పొడుగునే ఉండాలి. అడ్డంగా ఒక్క గీత పడినా పగులు అక్కడే పుడుతుంది. షెడ్డులోకి వచ్చేముందు ఉంగరాలు, వాచీ తీసెయ్యాలని మాస్టారి రూలు. రుద్దడం అయ్యాక చిన్న దూది పింజ తీసుకుని కడ్డీ మీద అటూ ఇటూ లాగేవారు. దూది పోగు ఎక్కడైనా పట్టుకుందంటే మళ్ళీ మొదటికి. మేస్త్రీ నెత్తి కొట్టుకునేవాడు. "ఎలాగూ ఇరగ్గొట్టీడానికే గదేటి మేస్టారూ, ఇంత సింగారమెందుకండీ?" ముక్క విరిగినరోజు మాత్రం అందరికన్నా ముందు పరిగెట్టుకొచ్చేది ఆయనే. "ఇరిగిపోనాదా? ఏదీ, ఇలగియ్యి."

విరిగిన ముఖం చూడడం మాస్టారు నేర్పారు. ముందు భూతద్దంతో, తర్వాత చవక మైక్రోస్కోపుతో. ఒక మూల చిన్న చుక్క, అక్కడ పగులు పుట్టింది. దాని చుట్టూ నున్నగా, ఒకదాని వెనక ఒకటి వంపు తిరిగిన గీతలు. చివర్లో గరుగ్గా, చింపినట్టు ఉన్న భాగం. అది ఆఖరి క్షణంలో ఒక్కసారిగా తెగింది. ఆ వంపు గీతల్ని బీచ్ మార్క్స్ అంటారు. మాకు పేరు గుర్తుండటంలేదని ఒక ఆదివారం బస్సెక్కించి చింతపల్లి సముద్రానికి తీసుకెళ్ళారు. ఆటు మొదలై అల వెనక్కి పోయేకొద్దీ ఇసకలో గీత మీద గీత మిగులుతుంది చూడండి, వాటి ముందు గొంతుక్కూర్చుని, "అల ఎక్కడెక్కడ ఆగిందో ఇసక రాసిపెట్టుకుంది. పగులు కూడా అంతే, ఎక్కడ ఆగిందో రాసుకుంటూ పోతుంది. మన కరెంటు కోతలు కూడా అందులో ఉంటాయి" అన్నారు. ఆ మాట సగం వేళాకోళం, సగం నిజం. మిషన్ ఆగి మళ్ళీ మొదలైన చోట నిజంగానే కొన్నిసార్లు గీత పడేది. మేస్త్రీ మాత్రం లైట్‌హౌస్ చూడ్డానికి వచ్చాడు, చూసి, వేడి బజ్జీలు తిని పడుకున్నాడు.

క్లాసులో ఆయన పాఠం అంటే విమాన ప్రమాదాలే. కామెట్ కథ ఎన్నిసార్లు విన్నానో. ప్రపంచంలో మొదటి జెట్ ప్యాసింజరు విమానం. 1954 జనవరి 10న ఒకటి ఇటలీ దగ్గర ఎల్బా దీవి పక్కన సముద్రంలో పడింది, ఏప్రిల్ 8న ఇంకొకటి నేపుల్స్ దగ్గర. రెండూ గాల్లోనే ముక్కలయ్యాయి. అప్పుడు ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ని పెద్ద నీళ్ళ తొట్టెలో ముంచి, లోపల కూడా నీళ్ళు నింపి, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోయారు. ఒక పెంపు, ఒక తగ్గింపు అంటే ఒక ప్రయాణం. అసలు ప్రయాణాలు 1,221, తొట్టెలో 1,836, మొత్తం 3,057 దగ్గర అది చీలిపోయింది.

"గాలితో ఎందుకు చెయ్యలేదు?" అని అడిగి, ఎవరూ చెప్పకపోతే రెండు బుడగలు తెప్పించారు. ఒకదాంట్లో గాలి, ఒకదాంట్లో నీళ్ళు. గుండుసూదితో పొడిచారు. గాలి బుడగ ఢామ్మని చిరిగి పీలికలైంది. నీళ్ళ బుడగ చిరిగింది గానీ ముక్కలు అక్కడే పడ్డాయి, నీళ్ళన్నీ మొదటి బెంచీ వాళ్ళ పుస్తకాల మీద. "ముక్కలు గది నిండా ఎగిరిపోతే పగులు ఎక్కడ పుట్టిందో ఎలా వెతుకుతావు?" చదరపు కిటికీల వల్లే కామెట్ కూలిందని ఎవరైనా పరీక్షలో రాస్తే అర మార్కు కోసేవారు. ఎల్బా దగ్గర పడినదాని పగులు పైకప్పులో యాంటెన్నా కోసం కోసిన కంత మూల, రివెట్ బెజ్జం దగ్గర మొదలైందని ఆయన పట్టు. రివెట్ అంటే రేకుల్ని కలిపి బిగించే, మేకులాంటి చిన్న ముక్క. రివెట్ బెజ్జం అన్న మాట దగ్గర ఆయన గొంతు మారేది.

1988లో హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ళ బోయింగ్ 737కి 24 వేల అడుగుల ఎత్తున పైకప్పు ఎగిరిపోయిన సంగతి కూడా చెప్పేవారు. 89,680 ప్రయాణాలు చేసిన విమానం. చిన్న చిన్న దీవుల మధ్య ఎక్కుతూ దిగుతూ, ఉప్పుగాలిలో. అతుకుల దగ్గర వరసగా ఉన్న బెజ్జాల్లో చిన్న చిన్న పగుళ్ళు, అన్నీ కలిసిపోయాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ కొట్టుకుపోయింది, మిగతావాళ్ళు దిగగలిగారు. ఎక్కేటప్పుడే ఒకావిడ తలుపు పక్కన పగులు చూసిందట, ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఆపి మాస్టారు మా మొహాలు చూసేవారు. మేమంతా గోడ మీద బల్లిని చూసేవాళ్ళం.

ఇక రివెట్లు. 2024 అని ఒక అల్యూమినియం మిశ్రమం ఉంది. అందులో నాలుగు శాతానికి పైన రాగి, ఒకటిన్నర మెగ్నీషియం, అర శాతం చుట్టూ మాంగనీసు. దీని తాత డ్యూరాలుమిన్. 1906లో జర్మనీలో విల్మ్ అనే ఆయన అల్యూమినియంలో రాగి కలిపి, బాగా కాల్చి, నీళ్ళలో ముంచి, గట్టిదనం కొలిస్తే ఏమంత లేదట. ఆదివారం సెలవు పోయి సోమవారం వచ్చి మళ్ళీ కొలిస్తే గట్టిపడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు, ఊరికే బల్ల మీద కూర్చుని గట్టిపడింది. "మన ఆవకాయలాగే, కలిపిన రోజు ఏం ఉండదు" అనేవారు మాస్టారు.

2024 రివెట్లకి ఈ గుణమే తిప్పలు. 495 డిగ్రీల దగ్గర కాల్చి నీళ్ళలో ముంచాక మెత్తగా ఉంటాయి, సుత్తి దెబ్బకి తల చక్కగా విచ్చుకుంటుంది. ఆలస్యం చేస్తే గట్టిపడతాయి, అప్పుడు కొడితే తల అంచున చీలుతుంది. అందుకని విమానాల ఫ్యాక్టరీల్లో వాటిని ఐస్‌లో పెడతారు. చలిలో ఆ గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది. బయటికి తీశాక పది, ఇరవై నిమిషాల్లో కొట్టెయ్యాలి. ఐస్‌బాక్స్ రివెట్లని పేరే ఉంది.

మా కాలేజీలో ఫ్రిజ్ ఎక్కడిది? మాస్టారి ఇంట్లో ఉంది. ఫర్నేసులోంచి తీసి బకెట్లో ముంచిన రివెట్లని థర్మాస్‌లో ఐస్‌ముక్కల మధ్య వేసుకుని, సైకిలు మీద కోట పక్కనుంచి వాళ్ళింటికి నేను పరుగు. అమ్మగారు తలుపు తీసి, "మళ్ళీనా?" అని ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించేవారు. ఫ్రీజర్‌లో ఐస్ ట్రే పక్కన బోర్న్‌విటా డబ్బా. దాని మీద ఆవిడ ఒక కాగితం అంటించారు: "ఇనప గింజలు. ఎవరూ ముట్టుకోకూడదు." వాళ్ళ బంధువుల పిల్లాడు ఎవరో డబ్బా విప్పి, ఒకటి నిమ్మకాయ షర్బత్‌లో వేసుకున్నాక అంటించిన కాగితం అది. మాస్టారు ఆ కాగితంలో "ఇనప" కొట్టేసి "అల్యూమినియం" అని దిద్దారు. మిగతాది అలాగే ఉంచారు.

ఆయన పరిశోధనలో అసలు ముక్క ఇంకొకటి. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య నార పొర పెట్టి అతికిస్తే, రేకులో పుట్టిన పగులు ముందుకి పోతున్నా వెనకాల నార పోగులు దాన్ని రెండు వైపులా పట్టుకుని ఉంటాయి. పగులు నెమ్మదిస్తుంది. ఇలా వేరువేరు పదార్థాలు కలిపి చేసినదాన్ని కాంపోజిట్ అంటారు. హాలండ్‌లో డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ళు ముందు ఆరమిడ్ అనే గట్టి కృత్రిమ నారతో, తర్వాత గాజు నారతో చేశారు. మాకు ఆరమిడ్ కొనే డబ్బు లేదు. మాకున్నది గోగునార.

ఈ ఆలోచన ఆయనకి ప్యాసింజరు రైల్లో వచ్చిందని నా అనుమానం. ఒకసారి ఇద్దరం పొందూరు వెళ్ళాం, శ్రీకాకుళం వైపు. నెల్లిమర్ల దగ్గర రైలు ఆగితే జూట్ మిల్లు చూపించి "నార" అన్నారు. గరివిడి, చీపురుపల్లి దాటుతుంటే "మాంగనీసు" అన్నారు. మన దేశంలో మాంగనీసు తవ్వడం మొదలైంది విజయనగరం గడ్డ మీదే, 1892లో. "విమానం ఒంట్లో ఉండాల్సినవి ఈ కిటికీలోంచి సగం కనిపిస్తున్నాయోయ్. మిగతా సగమే మన దగ్గర లేదు" అని నవ్వారు. సగం అన్నది ఆయన పొంగు, నేను లెక్క వెయ్యలేదు.

పొందూరులో ఖద్దరు వడికే ఒక మామ్మగారి అరుగు మీద కూర్చున్నాం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. సన్నటి పళ్ళ వరస. గింజ మీది పోగుల్ని మెల్లగా దువ్వితే చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకే వైపు తిరిగి పడుకుంటున్నాయి. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు దాదాపు ఆ పత్తికి ఆనించి చూశారు. "మామ్మా, ఇలా ఎందుకు దువ్వుతారు?" "దువ్వకపోతే నూలు తెగిపోద్ది గద బాబూ." మాస్టారు నా వైపు తిరిగి, "మన కాంపోజిట్ పుస్తకంలో 40 పేజీల్లో ఉన్నది ఇదే" అన్నారు. బతిమాలి ఒక దవడ సంపాదించుకొచ్చారు కూడా. గోగునారకి పెడితే రెండో దువ్వుకే పళ్ళు ఊడిపోయాయి. చివరికి మేస్త్రీ చెక్కకి మేకులు కొట్టి దువ్వెన చేసిచ్చాడు.

గోగు కట్టలు చెరువులో ఊరేసిన వాసన ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ వాసన ఆరు నెలలు మా షెడ్డులో ఉంది. నారని కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి, దువ్వి, అరాల్డైట్ పది పాళ్ళకి హార్డెనర్ ఒక పాలు కలిపి పూసి, రేకుల మధ్య పెట్టి, పైన రైలుపట్టా ముక్కలు బరువు పెట్టేవాళ్ళం. ఆ జిగురు కలిపాక అరగంటలో పని తెమల్చాలి. చేతులకి అంటితే కిరసనాయిలుతో కూడా పోదు. మా అమ్మ నా అన్నం కంచం వేరే పెట్టేసింది.

ఎండాకాలంలో చేసిన ముక్కలు మాస్టారి మొహంలో వెలుగు తెచ్చాయి. ఉత్త రేకులో పరిగెత్తిన పగులు, నార ఉన్న రేకులో నిజంగానే మెల్లగా నడిచింది. మేస్త్రీ అందరికీ మడుగుల హల్వా తెప్పించాడు. ఆ తర్వాత వానలు వచ్చాయి. గోగునార తన బరువులో పన్నెండు, పదమూడు శాతం దాకా నీరు పీల్చుకోగలదు. అంచుల్లోంచి చెమ్మ లోపలికి పాకింది. ఆగస్టులో మిషన్‌కెక్కించిన ముక్కల్లో రేకు ఒక పక్క, నార ఒక పక్క విడిపోయాయి, పాత పుస్తకం అట్ట ఊడినట్టు. అంచులకి మైనం పూశాం. రంగు వేశాం. కొంచెం ఆలస్యంగా ఊడాయి, అంతే.

నేనైతే ఎండాకాలం ముక్కలవరకు రాసి పంపించేద్దామన్నాను. పేపరు అచ్చవుతుంది, నాకూ పేరు ఉంటుంది. మాస్టారు అన్నీ పెట్టారు. వానాకాలం పట్టిక ముందు, ఎండాకాలం పట్టిక తర్వాత. చివర ఆయన రాసింది, "ఈ పదార్థం విమానం బరువు మోసే భాగాలకి పనికిరాదు. లోపలి పలకలకి పరిశీలించవచ్చు." నాకు ఒళ్ళు మండింది. ఒక జర్నల్ వాళ్ళు ఇది విమానాలకి పనికొచ్చే నార కాదంటూ తిప్పి పంపారు. "అదే కదా నేనూ రాసింది!" అని మాస్టారు పగలబడి నవ్వారు. పగులు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే సూత్రం కనిపెట్టిన పాల్ పారిస్ పేపరుని కూడా మూడు పెద్ద జర్నళ్ళు వద్దన్నాయట, చివరికి 1961లో ఒక యూనివర్సిటీ పత్రికలో వచ్చింది. అది చెప్పి నన్ను ఓదార్చారు. నాకు ఓదార్పు కాలేదు. మనది పారిస్ సూత్రం కాదు కదా అని లోపల అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను.

1998లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాను. విమానాల ఒంటిని తనిఖీ చేసే పని. రివెట్ల వరస వెంట, కంటికి కనపడని పగుళ్ళని పసిగట్టే ఎడ్డీ కరెంట్ ప్రోబ్ పెట్టుకుంటూ పోవడం, స్క్రీన్ మీద గీత ఎక్కడ తుళ్ళుతుందో చూడటం. రాత్రి షిఫ్టులు. ఇంతవరకూ నిద్రపోలేదు.

2001 జనవరి 4న మన దేశపు యుద్ధవిమానం తేజస్ మొదటిసారి ఎగిరిన రోజు మాస్టారు ఎస్‌టీడీ చేశారు. "ఒంట్లో 45 శాతం బరువు కాంపోజిట్టేనోయ్!" ఆ గొంతు విని ఆయనే నడిపారేమో అనుకోవాలి. 2005లో ఎయిర్‌బస్ ఏ380 ఎగిరినప్పుడు మళ్ళీ ఫోను. దాని పైభాగం రేకుల్లో డెల్ఫ్ట్ వాళ్ళ గాజునార పొరలున్నాయి. "మన గోగునారకి పెద్దన్నయ్య" అన్నారు.

2019లో సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను. రిటైరై చాలా ఏళ్ళయింది. చెయ్యి కొద్దిగా వణుకుతోంది గానీ చూపు అదే. కుర్చీలో కూర్చోబోతే, "ఆ కాలు దగ్గర వెల్డింగు చూసుకుని కూర్చో" అన్నారు. అమ్మగారు అరిసెలు పెట్టి, మంచినీళ్ళకని ఫ్రిజ్ తీశారు. పై అరలో బోర్న్‌విటా డబ్బా. కాగితం పసుపుపచ్చగా అయిపోయింది, అయినా దిద్దుబాటు కనిపిస్తోంది.

"ఇంకా ఉన్నాయా అండీ?"

"ఫ్రిజ్ మూడుసార్లు మారింది బాబూ, డబ్బా మారలేదు. పారెయ్యమంటే టెస్ట్ అవ్వలేదంటారు" అన్నారావిడ.

మాస్టారి కళ్ళు మెరిశాయి. "చూద్దామా?"

పెరట్లో రుబ్బురోలు పక్కన బండ మీద పాత రేకుముక్క పెట్టి, బెజ్జంలో రివెట్ దూర్చాం. సుత్తి నాకిచ్చి, ఆయన గోడ గడియారం కనిపించేలా గుమ్మంలో నిలబడ్డారు, బయటికి తీసి ఎన్ని నిమిషాలైందో చూడ్డానికి. మెత్తగా ఉంటే మూడు దెబ్బలకి తల గొడుగులా విచ్చుకోవాలి. రెండో దెబ్బకే టక్కుమంది. అంచున సన్నటి చీలిక, వెంట్రుకంత.

జేబులోంచి భూతద్దం తీసి చాలాసేపు చూశారు. "ఎప్పుడో గట్టిపడిపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు కరెంటు పోయిందో, ఎంతసేపు పోయిందో." లోపలికి తిరిగి కేకేశారు, "ఏమేవ్, ఆ పాత కేలెండర్లన్నీ ఏం చేశావ్?"

"ఇంకెక్కడి కేలెండర్లు? ఇల్లు సున్నం వేయించినప్పుడు పాత పేపర్లకి వేసేశాను."

మాస్టారు రివెట్‌ని ఇంకోసారి వెలుతురుకి తిప్పి చూసి నా చేతిలో పెట్టారు.

"అయితే ఇది లెక్కలోకి రాదోయ్."

అమ్మగారు వచ్చి, మూత పెట్టి, డబ్బాకి పట్టిన నీళ్ళు పమిట చెంగుతో తుడిచి, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేశారు.